కులం చెప్పి ఆడిన మా అన్న

మా అన్న పోయాడని బెల్లంపల్లి నుంచి కబురు వచ్చేసరికి నేను ఇచ్చోడలో మా అత్తవారింటి ముందు జొన్నలు చెరుగుతున్నాను. బొగ్గుబాయిలో కప్పు కూలి మీద పడిందట. నేను వెళ్లేసరికి ముఖానికి గుడ్డ చుట్టి ఉంది. విప్పబోతే వదిన నా చేయి పట్టుకుంది. "చూడకు పిల్లా, తట్టుకోలేవు" అంది. వేళ్లు వంకరగా అతుక్కున్న ఆయన ఎడమ చేతినే చూసి ఏడ్చాను.

మీలో కొందరు ఆయన కబడ్డీ చూసే ఉంటారు. ఆ వేళ్ల సంగతి మాత్రం తెలిసి ఉండదు.

నిజాం పోయిన కొత్తల్లో మహారాష్ట్రలోని చాందా వైపు నుంచి బొగ్గుబాయిల పనికి వచ్చిన మహార్లం మేము, అక్కడ అంటరానివాళ్లం. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. అవ్వ రొట్టె పెనం మీద వేయగానే అన్న "కబడ్డీ కబడ్డీ" అని కూత మొదలుపెట్టేవాడు. రొట్టె కాలేదాకా ఊపిరి తీసుకునేవాడు కాదు. అవ్వ తిట్టేది.

బాయి జట్టులోకి తీసుకున్నప్పుడు మేనేజరు ఒక్క మాట చెప్పాడు. "ఊర్లల్ల ఎవలన్న అడిగితె మరాఠా కులపోన్ని అను. మరాఠీల్నే మాట్లాడు. ఎవలకు ఎర్కైతది?"

ఆట మీది ఆశతో అన్న ఒప్పుకున్నాడు. ఆటకు పోయిన ఊళ్లలో జట్టుతోపాటు పెద్దిళ్ల అరుగుల మీద కూర్చుని అన్నం తినేవాడు. "ముద్ద దిగదే చెల్లె. ఎవడో నా దిక్కే చూస్తున్నట్టుంటది" అన్నాడొకసారి.

చొప్పదండిలో నిజంగానే ఒకడు చూశాడు. ఎడ్ల బేరానికి వచ్చిన మా పాత ఊరివాడు. "అరే, వీడు మహారోడు! మీ అందర్ని ముట్టుకుంటుండు!" అని అరిచాడు. అప్పుడు అన్న ఎదుటి జట్టు మధ్యలో, కూతలో ఉన్నాడు. అందరూ వెనక్కి జరిగారు. ఒకడు వచ్చి కడుపులో తన్నాడు. చేతికి అంటుకునే మైల కాలికి అంటుకోదు కాబోలు! కింద పడ్డాక జనం కర్రలతో వచ్చారు. దవడ విరిగింది. గీత అందుకోవాలని చాచిన చేతిని ఎవడో చెప్పుకాలితో నేలకేసి నలిపాడు. రక్తం కక్కుతూ కూడా కూత పెడుతూనే ఉన్నాడని, ఆయనను ఈడ్చుకొచ్చి లారీలో వేసిన డ్రైవరు మాకు చెప్పాడు. జట్టువాళ్లు అప్పటికే లారీ ఎక్కి కూర్చున్నారట.

ఆ తర్వాత అన్న రొట్టెను పప్పులో నానబెట్టి ఒక పక్కనే నమిలేవాడు. కోలుకోగానే మళ్లీ ఆటకు పోయాడు. ఈసారి ఇంకో కులం చెబుదామన్నాడు మేనేజరు.

"వద్దు సార్. మహారోన్ని అనే చెప్పుండ్రి. కొట్టేటోడు కొడ్తడు."

జట్టులోంచి తీసేశారు. అన్న మా బాయి కూలీల ఇళ్ల లైన్లలోని వాళ్లతో వేరే జట్టు కట్టాడు. ఏ ఊరికి పోయినా ముందు తన కులం తనే చెప్పేవాడు. కొన్ని ఊళ్లలో రాళ్లేసి తరిమారు. ఆడనిచ్చిన చోట ఎవరూ పట్టుకునేవారు కాదు, మోకాళ్లతో పొడిచేవారు. గెలిచి వచ్చినా ఆయన ముఖంలో సంతోషం ఉండేది కాదు. "నన్ను ఎవలు పట్టకుంటె గది గెలుసుడెట్లయితదే?" అనేవాడు.

ఇచ్చోడకు ఆడడానికి వచ్చినప్పుడు నేనూ వెళ్లాను. గీత దగ్గర నిలబడి కులం చెప్పి అన్న కూతకు పోయాడు. ఎదుటివాళ్లు చెదిరిపోయారు. ఒకడి మోకాలు పక్కటెముకల్లో దిగింది. అన్న తూలి, నిలదొక్కుకున్నాడు. అంతలో ఊరిపెద్ద పటేల్ కొడుకు, బలమైన మనిషి, ఏమనుకున్నాడో గానీ రెండు చేతులతో అన్న నడుము పట్టి, ఎత్తి నేలకేసి కొట్టి, మీద పడ్డాడు.

"ఇడువురా! మైలపడ్తవ్!" అని జనం అరిచారు.

పటేల్ కర్ర తీసుకుని వచ్చి కొడుకు వీపు మీదే బాదాడు. అతడు పట్టు విడవలేదు. కూత ఆగిపోయింది. అన్నకు ఏమైందోనని జనాన్ని తోసుకుంటూ లోపలికి ఉరికాను. కర్ర లేస్తోంది, పడుతోంది. పటేల్ కొడుకు చెంప అన్న గుండెలకు ఆని ఉంది. దుమ్ములో వెల్లకిలా పడి, వంకర దవడతో, అన్న నవ్వుతున్నాడు.