మడివాళ ఇంట్లో గ్యాస్ గీజర్

దయ్యాల మాట వస్తే నేను అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. ఫ్యాక్టరీలో ప్రెషర్ మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. ముల్లు తప్పు చూపిస్తే కారణం మీటర్లోనే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్ళూ అలాగే నమ్మాను. ఇది కూడా ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు.

2002లో నేనూ మా చెల్లెలు సుధా బెంగుళూరు మడివాళలో ఒక ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్ళం. మాది ఒంగోలు దగ్గర పల్లె. సుధ అప్పుడే చదువు ముగించి కోరమంగళలో ఒక ఆఫీసులో చేరింది. కింది వాటాలో ఇంటివాళ్ళు, నారాయణమ్మగారూ ఆమె భర్తా ఉండేవాళ్ళు. మూడు తరాల కింద బెంగుళూరు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఆయనకు చిక్కపేటలో చీరల దుకాణం.

ఆ చలికాలం పొద్దున పూట కరెంటు సరిగ్గా ఉండేది కాదు. సుధ ఏడున్నరకల్లా బస్సెక్కాలి. చన్నీళ్ళు పోసుకుని రెండుసార్లు జ్వరం తెచ్చుకుంది. దాంతో నగర్తపేటలో ఒక షాపుకు వెళ్ళి గ్యాస్ గీజర్ కొన్నాను. బిగించడానికి షాపువాళ్ళు ఒక మనిషిని పంపారు. నలభై ఏళ్ళుంటాయి. గీజర్‌ను బాత్రూమ్ లోపలే, బకెట్ పైన గోడకు తగిలించి అరగంటలో పని ముగించాడు. పొగ బయటికి పోయే గొట్టం ఏదని అడిగాను.

"గొట్టం డబ్బాలో రాలేదు సార్. పైన వెంటిలేటర్ ఉండాది కదా, అది మూయకుండా చూసుకోండి, చాలు" అన్నాడు.

అలాంటి మాట ఫ్యాక్టరీలో ఎవరైనా అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇంట్లో కాబట్టి సరేనన్నాను.

వారం రోజులకే స్నానం చేసి రాగానే తలనొప్పిగా ఉంటోందని సుధ చెప్పింది. ఖాళీ కడుపుతో స్నానం చేస్తే అంతే, కాఫీ తాగి వెళ్ళమన్నాను. మంట నీలంగా కాకుండా పసుపుగా మండటం కూడా చూశాను. గ్యాస్ సరిగ్గా కాలడం లేదనడానికి అది గుర్తు. చూసి ఊరుకున్నాను.

ఒకరోజు పొద్దున నేను పెరట్లో స్కూటర్ తుడుస్తున్నాను. పైన సుధ స్నానానికి వెళ్ళింది. ఎక్కడో ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు వినిపించింది. ఐదు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ ఐదు. పక్క వీధిలో వెల్డింగ్ షాపుంది, అదే అనుకున్నాను. ఇంతలో నారాయణమ్మగారు వంటింట్లోంచి పిండి చేతులతోనే బయటికి వచ్చారు.

"ఏమప్పా, పైన ఎవురు పైపును అట్ల కొడతావుండారు? మా బచ్చలింటి గోడ అదురుతా ఉండాది. ఒక తూరి చూసిరా" అన్నారు.

బచ్చలిల్లంటే బాత్రూమ్. వాళ్ళ బాత్రూమ్ మీదనే మాది.

నేను మెట్లెక్కాను. ఎక్కుతున్నంతసేపూ ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. హాల్లో అడుగు పెట్టగానే ఆగిపోయింది. సుధను పిలిచాను. మళ్ళీ పిలిచాను. బాత్రూమ్ తలుపు మీద చెయ్యి వేశాను. తెరుచుకుంది.

సుధ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల పక్కకు వాలిపోయింది. కుళాయి కట్టేసి ఉంది, నీళ్ళు ఆగితే ఆరే గీజర్ ఆరిపోయి ఉంది, బకెట్ సగమే నిండింది. దుప్పటి చుట్టి హాల్లోకి లాక్కొచ్చి కిటికీలన్నీ తెరిచాను. ఆ నిమిషంలో ఊపిరి ఉందో లేదో కూడా నాకు తెలియలేదు. నారాయణమ్మగారి భర్త ఆటో తెచ్చారు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. గీజర్ నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదనీ, మనిషికి తెలియకుండానే కాళ్ళల్లో బలం తీసేస్తుందనీ డాక్టర్ చెప్పారు. ఇంకొంతసేపు ఆ మంట మండి ఉంటే, లేదా తలుపు పగలగొట్టాల్సి వచ్చి ఉంటే, ప్రాణం దక్కేది కాదన్నారు.

సాయంత్రానికి సుధ మాట్లాడింది.

"కాళ్ళు తేలిపోయినట్టయ్యాయి, కూర్చున్నాను. అంతే" అంది. గడియ వేశావా అంటే, ఎప్పుడైనా వేయకుండా ఉన్నానా అంది. కుళాయి కట్టిన గుర్తు లేదంది.

స్పృహ తప్పేముందు తనే కుళాయి కట్టి, గడియ తీసి, మళ్ళీ వెళ్ళి కూర్చుందనుకోవచ్చు. ఆ స్థితిలో చేసినవి మనిషికి గుర్తుండవని డాక్టరూ అన్నారు. మరి చప్పుడు? గీజర్ పీకించే ముందు నేను బాత్రూమ్‌లో గంటసేపు పరీక్షించాను. కుళాయిలు తిప్పాను, కట్టాను, ట్యాంకు ఖాళీ చేసి నింపాను. పైపు ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. లోపల ఉన్నవి ప్లాస్టిక్ బకెట్, ప్లాస్టిక్ మగ్గు. వాటితో పైపును కొట్టి చూశాను. నారాయణమ్మగారు కింద నిలబడి విని, ఈ సద్దు కాదప్పా అన్నారు.

ఇక నేను చాలాకాలం ఎవరికీ చెప్పని సంగతి రాయాలి.

సుధ పడిపోవడానికి ముందురోజు మధ్యాహ్నం, తను ఆఫీసులో ఉండగా, ఆ వెంటిలేటర్‌ను నేనే మూశాను. చలిగాలి కొడుతోందని సుధ అంటోంది కదా అని, వెనక బాల్కనీలోంచి చెయ్యి చాపి, బయటివైపు ఒక ప్లైవుడ్ ముక్క పెట్టి నాలుగు మేకులు కొట్టాను. లోపలివైపు ఎప్పటి మసక అద్దాలే కనిపిస్తాయి. ఆ బాల్కనీ వైపు కిందివాళ్ళకు కనిపించదు, ఆ పూట వాళ్ళు ఇంట్లో కూడా లేరు. రాత్రి సుధ వచ్చేసరికి చెప్పడం మరిచిపోయాను.

ఆసుపత్రి నుంచి బట్టలకోసం ఇంటికి వచ్చినప్పుడు ఆ ముక్క పీకి సందులోకి విసిరేశాను. గీజర్ తగిలించిన మనిషి గొట్టం పెట్టకుండా బిగించాడని అందరికీ చెప్పాను. షాపువాళ్ళు ఆ మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు.

"వెంటిలేటర్ మూయొద్దని చెప్పినాను కదా సార్" అన్నాడతను.

"తెరిచే ఉంది" అన్నాను.

అతను పైకి చూశాడు. నిజంగానే తెరిచి ఉంది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఆ తర్వాత అతన్ని పనిలోంచి తీసేశారని నారాయణమ్మగారి భర్త చెప్పారు.

ఏడేళ్ళు గడిచాయి. సుధకు పెళ్ళయింది. బన్నేరుఘట్ట రోడ్డు వైపు ఇల్లు కట్టుకుంటూ నన్ను చూడ్డానికి పిలిచింది. బాత్రూమ్‌కు మేస్త్రీ పెట్టిన కిటికీ చిన్నదని నేను గొడవ పెట్టుకున్నాను. మేస్త్రీ వెళ్ళిపోయాక, ఎందుకన్నయ్యా అంత కోపం అని అడిగింది. ఇక దాచలేకపోయాను. ప్లైవుడ్ సంగతి, మేకుల సంగతి, ఆ మనిషి ముందు ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను.

సుధ ఇసుక కుప్ప మీద మేస్త్రీ వదిలేసిన తాపీ తీసి పక్కన పెట్టింది. తర్వాత అంది.

"మూశావని నాకు తెలుసన్నయ్యా."

"ఎలా తెలుసు?"

"ఆ పొద్దున బాత్రూమ్‌లో నా పక్కన ఒకామె చెప్పింది. 'మీ యన్న బయట పలక కొట్టినాడు, లోపల గాలి లేకుండా ఉండాది, నీళ్ళు కట్టేసి లేయమ్మా' అంది. లేవలేనన్నాను. అంతవరకే గుర్తు. మాట తీరు బట్టి నారాయణమ్మగారనుకున్నాను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నా మొహం చూడగలిగేవాడివా?"

మరుసటి ఆదివారం మడివాళ వెళ్ళాను. ఆ రోజు మీరు ముందే ఒకసారి పైకి వచ్చారా అని నారాయణమ్మగారిని అడిగాను. "లేదప్పా, నేను రొట్టెలు తట్టుకుంటా ఉండాను. నీకు చెప్పేదానికే బయటికి వచ్చింది" అన్నారు. ఆమెకు పలక సంగతి తెలియదు. తెలిసే వీలూ లేదు.

అక్కడినుంచి నగర్తపేటకు వెళ్ళి ఆ గీజర్ బిగించిన మనిషికోసం అడిగాను. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదన్నారు. తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్ళాను. దొరకలేదు.

ఊపిరాడని మెదడు లేనివి వింటుందని డాక్టర్లు అంటారు. కాదనను. కానీ అప్పటికి ఈ భూమ్మీద నాకొక్కడికే తెలిసిన విషయాన్ని అది ఎలా వింది? ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు తెగలేదు. పలక కొట్టింది నేను. అంతవరకు నాకు తెలుసు. ఆ పొద్దున నా చెల్లెలి దగ్గర ఎవరున్నారో తెలియదు.