హార్లెం ముట్టడి, వదిన చీర

వనపర్తి కాలేజీలో నేను చరిత్ర చెప్తాను. స్పెయిన్ సైన్యం హార్లెం అనే డచ్చి కోట పట్టణాన్ని చుట్టుముట్టిన సంగతి ఏటా చెప్పేవాణ్ణి. ఏడు నెలలు లొంగలేదు, చివరికి గడ్డి కూడా తిన్నారు. లొంగకపోవడమే గొప్ప అనేవాణ్ణి.

గద్వాలలో చీరలు నేసే మా అన్నకు కాలేయం చెడింది. కర్నూలులో ఆస్పత్రిలో చేర్చాను. మూడో రోజే డాక్టరు నన్ను పక్కకు పిలిచి, చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. నేను తీసుకుపోలేదు.

అన్నకు ఇల్లే కావాలి. మగ్గం మీద వదిన కోసం మొదలుపెట్టిన చీర ఉంది. ముప్పై ఏళ్లు ఎవరెవరికో నేశాడు, ఆమెకు ఒక్కటీ నేయలేదు. మా నేతలో నూలు చీరకు పట్టు అంచును పోగుపోగుకూ మెలివేసి కలపాలి. అందుకు మగ్గం మీద ఇద్దరుండాలి. ఆ రెండో మనిషి ఎప్పుడూ వదినే.

"రెండు మూరలే ఉన్నది తమ్మీ. నన్ను అంచు కాడ కూసోవెట్టుండ్రి. రెండు దినాలు చాలు."

"హైదరాబాదు నుంచి కొత్త మందు వస్తున్నది. జర ఓపిక పట్టు" అనేవాణ్ణి. ఏ మందూ రావడం లేదు.

పొద్దుపోక ఒకరోజు హార్లెం కథ చెప్పాను. సాయం వస్తోందని బయటున్న డచ్చివాళ్లు పావురాల కాళ్లకు చీటీలు కట్టి ఊళ్లోకి పంపేవారని చెప్పాను.

"వచ్చిందా సాయం?"

"ఒక సైన్యం వచ్చింది. దారిలోనే ఓడిపోయింది."

"మరి లోపలోళ్లను ఎవలన్న అడిగిన్రా, తలుపులు తెరుద్దమా అని?"

"పుస్తకంలో లేదు."

"నువ్వు గూడ అడగకు. దినాం ఒక పావురాన్ని తోలు" అని నవ్వాడు. పక్కనున్న వదిన నవ్వలేదు.

పందొమ్మిదో రోజు పొద్దున అన్న ఆస్పత్రిలోనే పోయాడు.

దినాలయ్యాక వదిన మగ్గమెక్కింది. "రా మర్దీ, అంచు కాడ కూసో" అంది. నేను చిన్నప్పుడే మగ్గం దిగినవాణ్ణి. చదువుకొమ్మని దించింది అన్నే. జానెడు నేసేసరికి చీరకూ అంచుకూ మధ్య వేలు దూరేంత సందు పడింది. వదిన చేయి ఆగింది.

"ఆ ఊరు ఎన్ని దినాలు ఆగిందంటివి?"

"ఏడు నెలలు."

"ఆనక?"

"తలుపులు తెరిచారు. స్పెయిన్ వాళ్లు కావలి సైనికులను చంపేశారు."

ఆమె ఆ సందులో వేలు పెట్టి చూసింది.

"మీ అన్న రెండు దినాలే అడిగిండు."

అన్న నేసినంతవరకే కోస్తానని కత్తెర ఇమ్మంది. ఇచ్చాను.