తెల్లాపూరులో పోయించిన సిలిండరు

మా అన్న రైలింజన్లలో బొగ్గు వేసేవాడు. పద్దెనిమిదేళ్లు ఆ పొగ మింగి, ఈ వానాకాలం మొదట్లో మంచం పట్టాడు. ఇక ఆశ పెట్టుకోవద్దని దవాఖానలో చెప్పేశారు. అయినా ఆయన ధ్యాసంతా తాను చేస్తున్న మూరెడు ఆవిరి ఇంజను మీదే. చక్రాలు, పిస్టను, కడ్డీలు అన్నీ మూడేళ్లుగా మా పెరట్లో కుంపటి మీద ఇత్తడి కరిగించి తనే పోసుకున్నాడు. మిగిలింది సిలిండరు ఒక్కటే. దాని మైనపు నమూనా మంచంలో పడుకునే చేసి, "ఒక్కసారి ఉరికితే సూసి పోతరా," అన్నాడు. ఇత్తడి కోసం వదిన తన పెళ్లినాటి చెంబు ఇచ్చింది. అందుకే ఈ ప్రయాణం.

పోతపనిలో చేయి తిరిగిన కంచరి వీరాచారి తెల్లాపూరులో ఉంటాడు. సికింద్రాబాదులో పొద్దున ఏడింటి ప్యాసింజరు ఎక్కితే తొమ్మిదిలోపు లింగంపల్లిలో దిగవచ్చు. వారం కిందట మైనపు నమూనా ఇవ్వడానికి వచ్చినప్పుడు అక్కడి నుంచి నడిచాను. ఈసారి బురద పిక్కల దాకా ఉందని ముప్పావలా కిరాయికి ఎడ్లబండి కట్టించుకున్నాను. బండాయన దారి పొడుగునా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. "నాలుగింటి రైలు తప్పితే మల్ల రేపే అయ్యా. దినాలు మంచిగ లేవు. పొద్దు గూకినంక నేనైతే బండి కట్ట," అన్నాడు. దారిలో రెండు ఇళ్లు కాలిపోయి ఉన్నాయి. అవి దాటేదాకా ఆయన ఎడ్లను అదిలిస్తూనే ఉన్నాడు.

వీరాచారికి అరవై దాటాయి. నమూనాకు మట్టి పూసి, నీడలో ఆరబెట్టి, నేను వెళ్లేసరికి పొయ్యి మీద కాలుస్తున్నాడు. మైనం కరిగి కారిపోతే మిగిలిన ఖాళీలోకే ఇత్తడి పోస్తారు. మధ్యాహ్నం పన్నెండింటికి అచ్చు నోటి మీద చల్లని గిన్నె బోర్లించి, తీసి నాకు చూపించాడు. లోపల సన్నగా చెమట పట్టింది.

"ఈ చెమట పోవాలె బిడ్డా. రాత్రంత నిప్పుల మీద ఉంటెనే మట్టిల తడి పోతది. ఈడనే పండు, పొద్దుగాల పోసిస్త."

"రాత్రికి మా అన్న ఉంటడో పోతడో తాతా. ఇప్పుడే పోసియ్యి," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను రైలు కార్ఖానల ఫిట్టర్ని, నాకు తెల్వదా?" అని గొంతు పెంచాను. పోత గురించి నాకేం తెలుసు? నా జీవితమంతా ఎవరో పోసిచ్చిన వాటికి ఆకురాయి పెట్టడమే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పెద్దాయన చెంబు తీసి కరిగించే మూసలో వేశాడు.

ఇత్తడి పోయగానే అచ్చు లోపల గుడగుడమంది. కరిగిన లోహం పైకి చిమ్మి వీరాచారి ముంజేతి మీద పడింది. చర్మం ఊడిపోయింది. ఆయన కేక వేయలేదు. "తడి ఉన్నదంటి గద బిడ్డా," అన్నాడంతే. అచ్చు చల్లారాక పగలగొట్టి సిలిండరు నా చేతిలో పెట్టాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. నాలుగింటి రైలు మాత్రం నాకు అందింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అన్న సిలిండరును తడిమి, ఒక కొస అరచేత్తో మూసి, రెండో కొసన నోరు పెట్టి ఊదాడు. సూది బెజ్జాల్లాంటి చిల్లుల్లోంచి గాలి బుస్సున పోయింది. ఆయనకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, "దీని రొమ్ము గూడ నా లెక్కనే అయ్యిందిరా," అన్నాడు. వదిన లోపలికి వెళ్లిపోయింది. ఇత్తడి మళ్లీ కరిగించవచ్చు. కానీ మైనం పోయింది, ఇంకో నమూనా చేయడానికి అన్న చేతులు లేవలేదు.

ఆ రోజు నన్ను తరిమింది భయం. అన్న మీది ప్రేమే అలా తొందరపెడుతోందని అనుకున్నాను, ఒక ముసలాయన చేయి కాల్చాను. పోత కోసం అటు వెళ్లేవారికి ఒక్క మాట. ఒక దుప్పటి, రెండు పూటలకు సరిపడా రొట్టెలు తీసుకెళ్లి రాత్రికి అక్కడే ఉండండి. గిన్నెకు చెమట పట్టడం ఆగేదాకా కంచరిని తొందరపెట్టకండి. నాలుగింటి రైలు మర్నాడు కూడా ఉంటుంది. మా అన్న ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు.