చక్రం మీద సన్న గీతలు

కొత్త కారు అల్లాయ్ చక్రాల మీద వెంట్రుకంత సన్నటి గీతలు గుండ్రంగా కనబడగానే నాకు ఒళ్ళు మండింది. వాడేసిన చక్రాలు అంటగట్టారని షోరూం వాళ్ళని తిట్టుకుంటూ, ఉప్పుకాగితం తెచ్చి ఒక చక్రాన్ని నేనే నునుపుగా రుద్దేశాను.

ఆ సాయంత్రం రేపల్లె నుంచి నాన్న వచ్చాడు. నిజాంపట్నం పడవల షాఫ్టులు లేత్ మిషన్ మీద తిప్పి చెక్కుతూ జీవితమంతా గడిపిన మనిషి. నేను ముట్టుకోని చక్రం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇవి దెబ్బలు కాదమ్మా. లేత్ మీద చెక్కే టూల్ నడిచిన దారి. ఎంత సమంగా వచ్చిందో చూడు! పైన వార్నిష్ లాంటి పూత కూడా ఉంటుంది. నువ్వు రుద్దిన చక్రం మీద దాన్నీ గీకేశావు. ఇక ఈ బాపట్ల ఉప్పుగాలి ఊరుకుంటుందా ఏంటి?"

ఊరుకోలేదు. ఏడాది తిరక్కుండానే ఆ చక్రం తెల్లగా పొక్కింది.

నాన్న ఇప్పుడు లేడు. మెకానిక్ ఎన్నిసార్లు చెప్పినా ఆ చక్రాన్ని మార్చలేదు. చిన్నప్పుడు ఆయన షెడ్డులో లేత్ కింద రాలిన మెరిసే లోహపు చుట్టలను గాజుల్లా వేసుకుని తిరిగేదాన్ని. ఆ గీతలు పెట్టిన అన్నం తిని పెరిగినదాన్ని. అవి కంటబడగానే చెరిపేశాను.