శెనక్కాయ జిగురుతో బేరం

అనంతపురం బజారులో అందరూ మనుషులతో బేరమాడతారు. నేను జిగురుతో ఆడినాను. గెలిచినాను కూడా.

తొంభైలు ముగిసే రోజులు. మా నాయన ఇచ్చిన కట్టెల డిపో నాది, స్టూళ్లు, బల్లలు కూడా చేయిస్తాను. రాయదుర్గంలో జీన్సు కుట్టే యూనిట్ ఒకటి ఇరవై స్టూళ్లు అడిగింది. నచ్చితే ఇంకో రెండొందలంట. అప్పుడే ఒక కెమిస్ట్రీ లెక్చరరు డబ్బా పట్టుకుని వచ్చినాడు. నూనె తీయగా మిగిలిన శెనక్కాయ పిండిలో సున్నం కలిపి చేసిన జిగురంట. మా డిపో జిగురు మాదిరి కళ్లు మండవంట.

"ఎంత సార్?"

"దుడ్లేం వద్దన్నా. వాడి, ఎట్లుండాదో చెప్తే చాలు."

నా చెయ్యి జేబు మీదికి పోయింది. మా అంగళ్లోళ్లకు తెలిసి ఊరికే దొరికేది ఎలకల బోనులో వడ ఒకటే.

"అతికినాక తాళ్లు బిగించి రెండు దినాలు విప్పగూడదు" అన్నాడు.

ఎనిమిదొందలంటే నాలుగొందలకు అడిగే ఊరు మాది. ఈయన మాత్రం అసలు లెక్క ముందే చెప్తాడా?

"ఒక దినానికే విప్పు" అన్నాను, స్టూళ్లకు ఆ జిగురు పూస్తున్న మా మేస్త్రీతో.

"సారు రెండన్నాడే!"

"చెప్పేవాడు చెప్తాడు. నువ్వు విప్పు."

నెల తిరక్కుండానే పదహారు స్టూళ్లు టెంపోలో తిరిగొచ్చినాయి. "కుట్టే ఆడోళ్లు కింద పడినారప్పా, స్టూళ్లా అవి?" అని ఓనరు ఫోన్లో అరిచినాడు. తప్పు జిగురుదన్నాను. ఆయనకే కాదు, బజారంతా చెప్పినాను. ఆ డబ్బాను ఏ డిపో కూడా గడప దాటనియ్యలేదు.

మరి మిగిలిన నాలుగు? మేస్త్రీని పట్టుకున్నాను. "వాటికి మన జిగురే పూసినావు కదా?"

"లేదన్నా! పామిడిలో మా అత్త పోయె, రెండు దినాలు ఆడనే ఉంటి. అవి తాళ్లల్లోనే ఉండె."

నమ్మకుండా రాయదుర్గం బస్సెక్కినాను. స్టూలు తిరగేసి అతుకు గోరుతో గీకినాను. మా జిగురు తెలుపు. ఇది శెనక్కాయ పొట్టు రంగు. ఎక్కి కూర్చుని ఊగినాను. కిర్రుమనలేదు.

కాలేజీకి పోయి ఆ లెక్చరరుకు ఉన్నదున్నట్టు చెప్పినాను. "నాకెందుకన్నా, బజారులో చెప్పు" అన్నాడాయన.

లెక్క ఇది. పదహారు స్టూళ్లకు మళ్లీ కట్టె, మేస్త్రీ కూలి, టెంపో బాడుగ నావి. రెండొందల ఆర్డరు వేరేవాళ్లకు పోయింది. అదీ నా ఖాతాలోదే. జిగురు ఖర్చు ఏమీ లేదు. నా మాటకు ఆయనకు వాకిలి మూసిన డిపోలు తొమ్మిది. తిరిగి తిరిగి నేను తెరిపించగలిగినవి రెండు.