రాకుమారుడి ఖైదు, బాపు అభ్యంతరాలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో యుద్ధఖైదీల గురించి నాకు తెలియని సంగతి లేదని గట్టి నమ్మకం. అప్పటికి నేను చూసిన ఖైదల్లా డిగ్రీ పరీక్ష హాలు. అయినా నగరంలో ఫోను ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ, మూడు నెలలు చూసి ఖాయం చేస్తామంటూ నన్ను కథలు రాయడానికి తీసుకుంది. ఇబ్రహీంపట్నం నుంచి రోజూ బస్సులో వెళ్లి, మంత్రాలూ మాయా ఖడ్గాలూ ఉన్న ఒక రాజ్యానికి కథ రాసి, మళ్లీ బస్సులో వచ్చేవాణ్ణి (వెళ్లేటప్పుడు నిలబడి, వచ్చేటప్పుడు కూడా నిలబడే). నా వంతుకు ఖైదు అధ్యాయం వచ్చింది. యుద్ధంలో శత్రువుకు చిక్కిన రాకుమారుణ్ణి పన్నెండేళ్లు గొలుసులతో గోడకు వేలాడదీశాను. పదమూడో ఏడు మొదటి రోజున అతను గొలుసులు తెంచుకుని యాభైమంది భటులను మట్టి కరిపిస్తాడు. మా బాసు (ఏం రాసినా సగం కోసేవాడు కనుక మేమంతా కటింగ్ సార్ అనేవాళ్లం) చదివి, "మనలో మనం మెచ్చుకుంటే లాభం లేదు. నెలాఖరులోగా ఆటలు తెలియని ముగ్గురితో ఆడించు. ముగ్గురూ ఖైదు దాటితే నీ ఉద్యోగం ఖాయం. ఒక్కరు ఆగిపోయినా ఇక రానక్కర్లేదు" అన్నాడు.

ముందుగా ఇంట్లో బాపుకు చదివి వినిపించాను. బాపు, అంటే మా నాన్న, జీవితమంతా పొలంలోనే గడిపిన మనిషి. కళ్లు మూసుకుని అంతా విని, "ఏంటికి పట్టుకున్నరు వాన్ని?" అన్నాడు.

"యుద్ధంల దొరికిండు బాపూ."

"దొరికితే? పన్నెండేండ్లు గోడకు తగిలిచ్చి ఊకె బువ్వ పెడతరా? గా రాజుకేం పని లేదా?"

అది మాయారాజ్యమని, అక్కడ అన్నీ చెల్లుతాయని చెప్పాను.

"మాయైతే ఆకలి కాదా? బందెలదొడ్డిల తోలిన బర్రెకే రెండు పూటలు గడ్డేస్తరు. వీనికి పెట్టేటోడెవడు? వాని పేరేంది?" (పరుల చేలో పడి మేసిన పశువులను కట్టేసే ఊరి దొడ్డిని బందెలదొడ్డి అంటాం.) "మల్ల గా కాళ్లు? మన ఎద్దు రెండు నెలలు కొట్టంల పండితే, లేసి నిలవడనీకె వారం పట్టింది. గీడు యాభై మందిని కొడతడా?"

లోపలినుంచి మా అమ్మ, "పన్నెండేండ్లల్ల ఒక్కసారన్న తానం చేసిండా పిలగాడు?" అంది.

నాకు తలకొట్టేసినట్టయింది. రెండు రోజులు బస్సులో నిలబడి వాళ్ల ప్రశ్నలనే నెమరేశాను. మూడో రోజు కథ మార్చాను. ఇప్పుడు శత్రురాజు రాకుమారుణ్ణి గుర్రపుశాలలో పనికి పెడతాడు. కాపలా భటుడికి ముసలితనం వచ్చింది, పేరు వచ్చింది, నడుంనొప్పి కూడా వచ్చింది. తన సద్దిలో సగం ఖైదీకి పెడతాడు. శాల ఖాళీగా ఎందుకని ఒక ఎర్రగుర్రాన్ని చూలుతో ఉన్నట్టు రాశాను. ఒకనాడు భటుడు కునుకు తీస్తాడు, తలుపు తెరిచి ఉంటుంది. ఆటగాడు రాకుమారుణ్ణి ఆ తలుపు దాటిస్తే చాలు. కటింగ్ సార్ ఒప్పుకున్నాడు. గొలుసుల బొమ్మలు ముందే గీయించినందువల్ల అవి మాత్రం గోడకు అలాగే ఉంచాలన్నాడు.

మొదట ఆడింది మహేశ్వరంలో ఉండే మా బావ, పావుగంటలో ఖైదునుంచి బయటపడ్డాడు. పక్కింటి అక్క ఒక్క ముక్కా చదవకుండా, కనిపించిందల్లా నొక్కుతూ అంతకంటే ముందే బయటపడింది. మూడో మనిషిగా, నెలలో చివరి ఆదివారం పొద్దున, బాపు చేతికి ఫోనిచ్చాను. బాపు గుర్రాలకు గడ్డి వేశాడు. నీళ్లు తోడాడు. లద్ది ఎత్తాడు. భటుడు కునుకు తీశాడు, తలుపు తెరుచుకుంది. బాపు మళ్లీ గడ్డి వేశాడు. మధ్యాహ్నమైంది.

"బాపూ, తలుపు తెరిచున్నది చూడు."

"చూసిన."

"మల్ల పోరాదు?"

"ఎట్ల పోతర్రా? ఎర్రగుర్రం ఈననీకె ఉన్నది. నేను పోతె గా ముసలోన్ని రాజు ఊకె ఇడుస్తడా?"

"బాపూ, నువ్వు పోకుంటె నా నౌకరి పోతది!"

బాపు ఫోనులోంచి తలెత్తి నన్ను చూశాడు. "మరి వాని నౌకరి పోదా?"

ఫోను గుంజుకున్నాను. రాకుమారుణ్ణి నేనే తలుపు దాటించాను. బూరలు మోగాయి, బంగారు అక్షరాల్లో 'విజయం' అని పడింది. బాపు కండువా దులిపి భుజాన వేసుకుని పొలానికి పోయాడు. సోమవారం 'ముగ్గురూ బయటపడ్డారు' అని రాసిచ్చాను, ఉద్యోగం ఖాయమైంది.

వారం తర్వాత అన్నం తింటూ బాపు, "గుర్రం ఈనిందా?" అన్నాడు. అది నేను రాయనేలేదు. "ఈనింది బాపూ, ఆడపిల్ల" అన్నాను. "ముసలోడు?" అన్నాడు. "మంచిగున్నడు. వాని నౌకరి వానికున్నది" అన్నాను. "గట్లైతే సరే" అని మజ్జిగ పోసుకున్నాడు.

ఆ తర్వాత ఎన్నో కథలు రాశాను. నమ్మించేలా రాయడమెలాగో ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేనే చెబుతున్నాను. బాపు నమ్మినంతగా నా కథను ఇంకెవరూ నమ్మలేదు. అంత నమ్మిన మనిషి చేతిలోంచి ఫోను గుంజుకున్న ఆ కుర్ర రచయిత గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. ఇప్పుడైతే ఆ ముసలి భటుణ్ణి కూడా రాకుమారుడి వెంట పంపించేవాణ్ణి, గుర్రం ఈనాక.