సుందరమ్మ బ్లాగు, హీరోగారి క్యారేజీ

జూబ్లీ హిల్స్ కొండని నిలబెట్టింది రాళ్ళు కాదు, మా అమ్మమ్మ గోంగూర పప్పు. అది తినకపోతే తెలుగు సినిమాలో ఏ హీరో కూడా విలన్‌ని గాల్లోకి లేపలేడు. హైటెక్ సిటీలో మధ్యాహ్నం పూట కంప్యూటర్లు నెమ్మదించాయంటే కరెంటోళ్ళని తిట్టకండి. మా అమ్మమ్మ బ్లాగులో కొత్త టపా పెట్టింది, ఊరంతా అదే చదువుతోంది, అంతే.

ఇందులో కొంచెం అబద్ధం ఉంది. గోంగూర పప్పు మాత్రం నిజం.

ఆవిడ అసలు పేరు బాలాత్రిపురసుందరి. రేషన్ కార్డులో చోటు చాలక ‘బాలాత్రి’ దగ్గర ఆపేశారు. ఫిల్మ్ నగర్‌లో అందరికీ సుందరమ్మే. సినిమా వాళ్ళు మద్రాసు వదిలి హైదరాబాదు వస్తుంటే వాళ్ళ గరిటెల వెంట వచ్చిన సంసారం అది. తాతయ్య షూటింగుల్లో వంట చేసేవాడు. ఆయన పోయాక పొయ్యి ఆవిడ చేతికొచ్చింది. పెద్ద పెద్ద మేడలున్న వాలుకి దిగువన రెండు గదుల రేకుల ఇల్లు. అక్కణ్ణుంచి రోజూ కొండ మీదికి క్యారేజీలు వెళ్ళేవి.

సాఫ్ట్‌వేర్ ఆఫీసులు పుట్టగొడుగుల్లా లేచిన రోజులవి. ఎక్కడ చూసినా మెడలో బిళ్ళ వేసుకున్న పిల్లలు, వండుకోవడం రాక ముఖాలు వేలాడేసుకుని. వాళ్ళ కోసం ఓ వంటల బ్లాగు పెట్టించింది ఇంటర్ రెండుసార్లు తప్పిన మనవరాలు. ఆ మనవరాలి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇది రాస్తున్నది అదే. సుందరమ్మ కూరలు తరుగుతూ చెబుతుంది, అది టైపు కొడుతుంది.

మొదట్లో బ్లాగు మొహం చూసినవాళ్ళు లేరు. పేజీ అడుగున ఎంతమంది వచ్చారో చూపించే అంకె ఒకటుండేది. మనవరాలు పేజీ తిప్పినప్పుడల్లా అది ఒకటి పెరిగేది, అంతకు మించి కదిలేది కాదు. ఒకరోజు ఎవడో హాస్టల్ కుర్రాడు ‘ఆంటీ, పులుసు చేదొచ్చింది’ అని కామెంటు రాశాడు.

“మెంతులు మాడ్చి ఉంటాడు వెధవ. అవునో కాదో అడుగు” అంది సుందరమ్మ.

అవునన్నాడు. మళ్ళీ చేయమంది. చేసి ఎలా వచ్చిందో చెప్పమంది. చెప్పాడు. వాడి స్నేహితులొచ్చారు. ఆ రోజు నుంచి ఎవరు ఏం రాసినా జవాబు వెళ్ళాల్సిందే. “విస్తరి ముందు కూర్చున్న మనిషిని పలకరించకుండా లేచిపోతామటే?” అనేది. కుక్కర్ విజిల్ వేయడం లేదని ఒకడంటే “రబ్బరు పెట్టావా నాయనా?” అని, ఉప్మా ఉండ కట్టిందని ఒకతంటే “ఫోనులో మాట్లాడుతూ పోశావా రవ్వ?” అని. వంట కోసం వచ్చినవాళ్ళు తిట్ల కోసం ఉండిపోయారు. తిన్నాక సంగతి చెప్పడానికి మళ్ళీ వచ్చారు. అలా పెరిగింది ఆ బ్లాగు.

ఒక సాయంత్రం ఎర్రగడ్డ నుంచి రష్మి అనే అమ్మాయి రాసింది. ‘మా నాన్నకి బీపీ. ఉప్పు తగ్గించమన్నారు డాక్టరు. ఉప్పు తగ్గితే కంచం తోసేస్తున్నారు. రోజూ గొడవే అమ్మమ్మగారూ, ఏం చేయాలి?’

చిక్కుడుకాయలు గిల్లుతున్న సుందరమ్మ చెయ్యి ఆగింది. “రాయవే” అని చెప్పడం మొదలుపెట్టింది.

‘రష్మీ, ఒక్కసారిగా మానిపించకు తల్లీ. రోజుకో చిటికె తగ్గించు. తగ్గించిన చోట పులుపు పెంచు, మిరియం పెంచు, జీలకర్ర వేయించి పొడి కొట్టి చల్లు. ముఖ్యంగా ఆయనకి చెప్పకు. చెప్పావో, ఆ క్షణమే నాలుక పసిగట్టేస్తుంది. మా బాబుకి ఇలాగే చేస్తున్నాను. రోజంతా ఫైట్లు చేసే మనిషి, ఈనాటికీ కనిపెట్టలేదు.’

ఫిల్మ్ నగర్‌లో పనిచేసేవాళ్ళు హీరో పేరు పలకరు. వంటింట్లో అయినా, కారు దగ్గరైనా ‘బాబు’ అంతే. పేరు పలకలేదు కాబట్టి గుట్టు బయటపడలేదని సుందరమ్మ లెక్క. కానీ తన క్యారేజీ రాగి ఏనుగులున్న గేటులోకి వెళుతుందని ఆవిడే గొప్పగా ఎప్పుడో ఒక టపాలో చెప్పింది. ఆ గేటు ఎవరిదో అభిమానులందరికీ తెలుసు. హీరో రఘునందన్ పుట్టినరోజుకి వాళ్ళు దానికే దండలు వేస్తారు.

ఆ సాయంత్రం దాకా ఉప్పు సంగతి ఇద్దరికే తెలుసు. సుందరమ్మకీ, రఘునందన్ తల్లి శ్యామలాదేవికీ. రక్తపోటు ఇలాగే ఉంటే ఏదో ఒకరోజు ఫైటు మధ్యలోనే పడిపోతావని డాక్టరు చెబితే అతను నవ్వాడట. “ఉప్పూ కారం తినే ఒళ్ళండీ ఇది” అన్నాడట. ఇంట్లో వంటమనిషి చప్పగా వండితే కంచం పక్కన పెట్టి హోటల్ నుంచి బిర్యానీ తెప్పించుకున్నాడు. అప్పుడు శ్యామలాదేవి స్వయంగా ఈ వాలు దిగి వచ్చి సుందరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. “మూడో మనిషికి తెలియకూడదు సుందరం. ముఖ్యంగా వాడికి” అంది.

మర్నాడు పొద్దున మనవరాలు కంప్యూటర్ పెట్టి కెవ్వుమంది. పేజీ అడుగున అంకె ఆటో మీటర్‌లా పరిగెత్తుతోంది.

“ఎంతమందే?”

“చూస్తుండగానే మారిపోతోంది అమ్మమ్మా! నువ్వు హిట్టు!”

సుందరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని నవ్వుతూ వచ్చి కూర్చుంది. “చదువు మరి” అంది. మనవరాలు చదవసాగింది. ‘బాబు అంటే రఘునందనేనా?’ ‘రాగి ఏనుగుల గేటంటే ఇంకెవరు?’ ‘మా అన్నకి బీపీనా? సినిమా ఆగిపోతుందా?’ అప్పటికే ఒక సినిమా వార్తలవాడు సుందరమ్మ మాటల్ని తన సైటుకి ఎత్తుకుపోయి, పైన పెద్ద అక్షరాలతో ‘రఘునందన్‌కి ఏమైంది?’ అని పెట్టేశాడు.

సుందరమ్మ నవ్వు ఆగిపోయింది. “తీసెయ్. ఆ మాట తీసెయ్” అంది.

మనవరాలు తీసేసింది. వార్తలవాడి దగ్గర మాత్రం అలాగే ఉంది.

క్యారేజీ తీసుకెళ్ళడానికి వచ్చే బాలనర్సయ్య ఆ రోజు పెందలాడే వచ్చాడు. రఘునందన్ ఇంట్లో డ్రైవరు అతను. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

“ఏందమ్మా, గిట్ల జేసినవ్?”

“నేను పేరు చెప్పలేదు నర్సయ్యా!”

“పేరెందుకు? ఏనుగుల గేటన్నవ్, ఫైట్లన్నవ్, ఇంక పేరు దేనికి? గాడ గేటు ముంగట పోరగాళ్ళు కొబ్బరికాయలు గొడుతున్నరు, బాబుకు నయం కావాలంట!”

“బాబుకి తెలిసిందా?”

“ఇంకా లేదు. పొద్దుగాల సంది షాట్ల ఉన్నడు. లంచ్ బ్రేక్ల ఎవడో ఒకడు చెప్పకుండ ఉంటడా?”

సుందరమ్మ పొయ్యి ముందు పీట మీద కూలబడింది. తెలిస్తే క్యారేజీ ముట్టుకోడు. మళ్ళీ హోటల్ బిర్యానీయే. డాక్టరు చెప్పిన మాట ఆవిడ చెవుల్లో గింగురుమంది.

అంతలో ఫోను మోగింది. శ్యామలాదేవి.

“ఏం పని చేశావు సుందరం?”

“తప్పయిపోయిందమ్మా.”

“ఏడుపులు తర్వాత. బ్రేక్ లోపల నీ బ్లాగులో ఇంకో మాట రాయి. మా బాబుకి అందరిలాగే ఉప్పు వేసి పంపుతున్నాను, ఆ అమ్మాయికి ఊరికే ధైర్యానికి అలా చెప్పాను అని. వాడు చదివితే అదే చదవాలి.”

“అమ్మా, అది...”

“రాయకపోతే రేపటి నుంచి క్యారేజీ అక్కర్లేదు.”

ఫోను పెట్టేసింది. మనవరాలు అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుని వేళ్ళు విరుచుకుంటోంది.

“చెప్పు అమ్మమ్మా. రెండు ముక్కలే కదా, గీకి పారేద్దాం.”

“రాయి. మా బాబుకి...” అని ఆగింది సుందరమ్మ. “ఆ రష్మి పిల్ల ఏమన్నా రాసిందా?”

గోల మధ్యలో వెతకగా వెతకగా దొరికింది. ‘అమ్మమ్మగారూ, రాత్రి ఒక చిటికె తగ్గించాను. నాన్న ఏమీ అనలేదు. మారు అన్నం పెట్టించుకున్నారు. అంత పెద్ద హీరోకే తెలియకపోతే మా నాన్నకేం తెలుస్తుందని ధైర్యం చేశాను.’

సుందరమ్మ దాన్ని రెండోసారి చదివించుకుంది.

“ఇప్పుడు నేను ఉత్తినే చెప్పానని రాస్తే ఈ పిల్ల ఏం చేస్తుంది?”

“దానికి విడిగా మెయిల్ కొడదాంలే, నిజం చెప్పి.”

“అదొక్కతేనా? మా అమ్మకీ చేస్తాం, మా ఆయనకీ చేస్తాం అని ఆ కింద ఎంతమంది రాశారు? వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి చెవిలో చెప్పి వస్తావా?”

ఇలాంటివాటికి జవాబులు తెలిసుంటే మనవరాలు ఇంటర్ గట్టెక్కేదే.

“రాయి” అంది సుందరమ్మ. ‘ఒక ఇంటి గుట్టు నా నోటి దురుసు వల్ల వీధిలో పడింది. ఆ ఇంటివాళ్ళు నన్ను క్షమించాలి. ఇకమీద నేను ఎవరికి వండుతానో ఈ బ్లాగులో రాయను. కానీ ఉప్పు తగ్గించే పద్ధతి నిజం. దాన్ని మానకండి.’

తర్వాత తనే ఫోను చేసింది. “అమ్మా, మీరు చెప్పినట్టు రాయలేకపోయాను” అంది. అటునుంచి లైను తెగిపోయింది.

బాలనర్సయ్య గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. “అమ్మా, నా మాటిను. ఇయ్యాల జర ఉప్పేసి పంపు. బాబు నాలికతోని చూసుకుంటడు. గంతా ఉత్తదే అనుకుంటడు. లొల్లి ఖతం!”

సుందరమ్మ ఉప్పు జాడీ మూత తీసింది. పప్పు గిన్నె ఎదురుగా ఉంది. గోంగూర, పైన వెల్లుల్లి పోపు. చేత్తో ఉప్పు తీసుకుంది కూడా.

“డాక్టరు ఏమన్నాడో నాకు తెలుసు నర్సయ్యా” అంది. ఉప్పు జాడీలో పడేసింది. చేతులు దులుపుకుని గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి క్యారేజీ బిగించింది. “వెళ్ళు. చల్లారిపోతుంది.”

ఇక ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో అడక్కండి. బ్లాగులో జనం తోసుకుంటూ వస్తూనే ఉన్నారు. ఒక్కడికీ జవాబు వెళ్ళలేదు. పక్కింటి కుక్కర్ విజిల్ వేసినా సుందరమ్మ ఉలిక్కిపడింది. అన్నం పెట్టుకోలేదు. మనవరాలు కంచం ముందు పెడితే “నువ్వు తిను, నన్ను వదిలేయ్” అంది. వీధి మలుపులో కారు హారన్ వినబడ్డ ప్రతిసారీ గుమ్మంలోకి వచ్చింది, లోపలికి వెళ్ళింది.

పొద్దు వాలుతుండగా బాలనర్సయ్య వచ్చాడు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు ముసలి దొంగ. క్యారేజీ గడప మీద పెట్టాడు. దాన్ని ఎత్తి చూడ్డానికి సుందరమ్మకి చెయ్యి రాలేదు.

“ఏమన్నాడు?”

“తెలిసింది. మేకప్ అతను ఫోన్ల చూపిచ్చిండు. చదివిండు. అందరం బెదిరినం.”

“తర్వాత?”

“అమ్మగారికి ఫోన్ చేసిండు. ‘ఇన్ని దినాలు మీరిద్దరు కలిసి నన్ను ఎర్రోణ్ణి చేసిండ్రు గద’ అన్నడు. పెద్దగ అరిసిండు. నేను క్యారేజీ ఎన్కకు పట్కపోదామని లేపిన. ‘ఏడికి? ఈడ పెట్టు’ అన్నడు.”

సుందరమ్మ వంగి పిడి పట్టుకుంది. క్యారేజీ తేలిగ్గా పైకి లేచింది.

“గిన్నెలన్ని ఊడ్చిండు. చెయ్యి కడుక్కుంట చెప్పిండు. ‘ఉప్పు ఎయ్యకుంటే ఎయ్యలేదని చెప్పి పంపమను. సాటుంగ చేస్తే మాత్రం తినను’ అన్నడు.”

సుందరమ్మ లోపలికి వెళ్ళి ఆకలి గుర్తొచ్చినట్టు అన్నం కలుపుకుంది.

అంతా చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. శ్యామలాదేవి చాలాకాలం మాట్లాడలేదు. దసరాకి పిలవలేదు, క్యారేజీ మాత్రం ఆపలేదు. ఆ తర్వాత ఒకసారి ఫోను చేసి, చింతపండు పులుసు గురించి మాత్రం అడిగి పెట్టేసింది. హీరో గుట్టు కోసం వచ్చిన జనం వారం తిరక్కముందే ఇంకో హీరో వైపు పోయారు. అంకె చతికిలబడింది. మిగిలినవాళ్ళు వేరు. ఇంట్లో అమ్మకో నాన్నకో వండిపెట్టాల్సినవాళ్ళు. వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, సుందరమ్మ తిడుతూనే ఉంది.

మొన్న ఇదంతా రాసి వినిపించి మనవరాలు అడిగింది. “అమ్మమ్మా, ఆ రోజు క్యారేజీ నిండుగా తిరిగొచ్చి ఉంటే ఏం చేసేదానివి?”

“ఏం చేస్తాను? నీకు పెట్టేదాన్ని. చప్పగా ఉందని ఏడ్చేదానివి. కథలు చాలు గానీ, పొద్దుటి నుంచి నలుగురు అడిగి కూర్చున్నారు, వాళ్ళకి జవాబు రాయి ముందు.”